బిల్డింగ్ ఒకరిది, కరెంటు బిల్లు ఇంకొకరిది... మరి పొదుపు ఎవరి పని?

ఒక చిన్న హోటల్ అనుకోండి. మెయిన్ రోడ్డు మీద కిరాయి ముల్గి. పొద్దున చాయ్‌తో మొదలైతే, రాత్రి బిర్యానీ గిన్నెలు కడిగేదాకా పొయ్యి ఆరదు. పొగ లాగే ఫ్యాను రోజంతా ఒకే స్పీడులో తిరుగుతూనే ఉంటుంది. ఏసీ పదేళ్ల నాటిది, ముల్గితో పాటే వచ్చింది. ఎండాకాలంలో కరెంటు బిల్లు కిరాయితో పోటీ పడుతుంది.

"ఈ ఏసీ మార్పించండి సాబ్" అని హోటల్ నడిపేవాయన అడుగుతాడు. "బిల్లు కట్టేది నువ్వు. మార్పిస్తే నాకేం మిగులుతుంది?" అని బిల్డింగ్ యజమాని జవాబు. పోనీ తానే మార్పిద్దామంటే హోటలాయనకు వేరే భయం. అగ్రిమెంటు ఇంకా ఏడాదిన్నరే ఉంది. లక్షలు పెట్టాక ఖాళీ చేయమంటే ఆ డబ్బు గోడకే అంటుకుపోతుంది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అందుకే ఇద్దరూ కదలరు. పాత ఏసీ మాత్రం నడుస్తూనే ఉంటుంది.

ఖర్చు పెట్టాల్సింది ఒకరు, లాభం అందేది ఇంకొకరికి. ఇది ఒక్క ముల్గి సమస్య కాదు. నలభై అంతస్తుల ఆఫీసు టవర్లలోనూ, పెద్ద పెద్ద షాపింగ్ మాల్స్‌లోనూ ఇదే చిక్కుముడి. దాన్ని విప్పడానికి హాంకాంగ్‌లోని ఒక పెద్ద ప్రాపర్టీ కంపెనీ కొన్నేళ్లుగా ఒక పద్ధతి నడుపుతోంది. కిరాయిదారులకు ముందు సాయం, తర్వాత ఒప్పందం. సరుకు ఇచ్చేవాళ్లకు ముందు నియమం, తర్వాత ఆర్డరు. ఆ కంపెనీ పేరు స్వైర్ ప్రాపర్టీస్. మనలో చాలామంది కిరాయిదారులమో, కాంట్రాక్టర్లమో, లేదంటే కాంట్రాక్టరు కింద పనిచేసే కుటుంబాలమో. అందుకే ఆ పద్ధతి ఏమిటో, దాని బలం ఎక్కడో, లోపం ఎక్కడో తెలుసుకోవడం మనకూ అవసరమే.

ఓడల యార్డు నుంచి ఆఫీసు టవర్ల దాకా

స్వైర్ ప్రాపర్టీస్ 1972లో మొదలైంది. హాంకాంగ్ దీవి తూర్పు వైపున క్వారీ బే అనే ప్రాంతం ఉంది. అక్కడ ఒకప్పుడు స్వైర్ గ్రూపుకే చెందిన చక్కెర శుద్ధి కర్మాగారం, ఓడలు కట్టే యార్డు ఉండేవి. వాటి స్థలంలోనూ చుట్టుపక్కలా నేడు ఇళ్లు, సిటీప్లాజా అనే మాల్, తైకూ ప్లేస్ అనే ఆఫీసు టవర్ల సముదాయం కనిపిస్తాయి. నగరం నడిబొడ్డున ఉన్న పసిఫిక్ ప్లేస్ కూడా ఈ కంపెనీదే. చైనాలోని బీజింగ్, గ్వాంగ్‌జౌ, చెంగ్డూ వంటి నగరాల్లోనూ మాల్స్, ఆఫీసులు ఉన్నాయి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. మన దగ్గర చాలామంది బిల్డర్లు కట్టి, అమ్మి, తాళాలు చేతికిచ్చి వెళ్లిపోతారు. ఈ కంపెనీ ప్రధాన వ్యాపారం అది కాదు. కట్టినదాన్ని తన దగ్గరే ఉంచుకుని దశాబ్దాల తరబడి కిరాయికి ఇస్తుంది. అమ్మి వెళ్లిపోయేవాడికి ఆ బిల్డింగ్ ఇరవై ఏళ్ల తర్వాత ఎంత కరెంటు తాగుతుందో పట్టింపు ఉండదు. ఉంచుకునేవాడికి ఉంటుంది. ఈ కథంతా అక్కడే మొదలవుతుంది.

హాంకాంగ్‌లో వాడే మొత్తం కరెంటులో సుమారు 90 శాతం బిల్డింగులకే పోతుందని అక్కడి ప్రభుత్వమే చెబుతుంది. పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు ఎప్పుడో సరిహద్దు దాటి చైనా ప్రధాన భూభాగానికి వెళ్లిపోయాయి. మిగిలింది టవర్లు, మాల్స్, ఇళ్లు. కాబట్టి ఆ నగరం పొగ తగ్గించుకోవాలంటే బిల్డింగుల నుంచే మొదలుపెట్టాలి.

మూడు ఖాతాల లెక్క

ఒక కంపెనీ వల్ల ఎంత కర్బన కాలుష్యం పుడుతోందో లెక్కేయడానికి ప్రపంచమంతా మూడు ఖాతాల పద్ధతి వాడుతుంది. వీటిని స్కోప్ ఒకటి, రెండు, మూడు అంటారు.

మొదటి ఖాతా: కంపెనీ తానే కాల్చే ఇంధనం. జనరేటర్ డీజిల్, సొంత వాహనాల పెట్రోలు లాంటివి.

రెండో ఖాతా: కంపెనీ కొనే కరెంటు. లిఫ్టులు, వరండా లైట్లు, మొత్తం బిల్డింగ్‌ను చల్లబరిచే పెద్ద ఏసీ ప్లాంటు.

మూడో ఖాతా: కంపెనీ చేతిలో లేనిది, కానీ కంపెనీ వ్యాపారం వల్లే జరిగేది. కిరాయిదారు తన ఆఫీసులో, కిచెన్‌లో వాడే కరెంటు, కొత్త టవర్ కోసం ఫ్యాక్టరీలో తయారైన సిమెంటు, స్టీలు, అద్దాలు... ఇవన్నీ ఇందులోకి వస్తాయి.

మొదటి రెండు ఖాతాలు తగ్గించడం కంపెనీ చేతిలో పని. మంచి మోటార్లు పెడితే, లైట్లు మార్పిస్తే అయిపోతుంది. కానీ ప్రాపర్టీ కంపెనీలకు అసలు బరువంతా మూడో ఖాతాలోనే ఉంటుంది. అంటే కిరాయిదారుల మీటర్లలో, సప్లయర్ల బట్టీలలో. "మా లిఫ్టులు మంచివి" అని బోర్డు పెట్టుకున్నంత మాత్రాన లెక్క మారదు.

స్వైర్ ప్రాపర్టీస్ 2016లో ప్రకటించిన 2030 ప్రణాళికలో కిరాయిదారులు, సప్లయర్లు వంటి భాగస్వాములకు ఒక విభాగమే కేటాయించింది. తర్వాత మూడు ఖాతాలకూ లక్ష్యాలు పెట్టుకుంది. మొదటి రెండు ఖాతాలు కలిపి 2019తో పోలిస్తే 2030 నాటికి 46 శాతం తగ్గాలి. కిరాయికి ఇచ్చిన చోట్ల కాలుష్యం 2018తో పోలిస్తే చదరపు మీటరుకు 28 శాతం తగ్గాలి. కొత్త నిర్మాణాల్లో వాడే సరుకుల కాలుష్యం, 2016 నుంచి 2018 దాకా ఉన్న లెక్కతో పోలిస్తే, చదరపు మీటరుకు 25 శాతం తగ్గాలి. చివరి రెండు లక్ష్యాలు చూడండి. ఆ పని చేయాల్సింది కంపెనీ ఉద్యోగులు కాదు, బయటివాళ్లు. మరి బయటివాళ్లతో చేయించడం ఎలా?

ముందు ఫ్రీగా చెకింగ్

కిరాయిదారుల వైపు మొదటి అడుగు 2008లోనే పడింది. ఆఫీసు, షాపు కిరాయిదారులకు ఉచితంగా ఎనర్జీ ఆడిట్ చేయించడం మొదలుపెట్టారు. ఇంజనీర్లు వచ్చి ఎక్కడెక్కడ కరెంటు వృథా అవుతోందో చూసి ఒక జాబితా ఇస్తారు.

ఇలాంటి ఆడిట్లలో బయటపడేవి చాలావరకు చిన్న విషయాలే. మనుషులు వెళ్లిపోయాక కూడా వెలుగుతున్న లైట్లు, శని ఆదివారాల్లోనూ నడిచే ఏసీ, అవసరానికి మించి చల్లబరిచిన సర్వర్ గది, ఎండ పడే కిటికీ పక్కనే పెట్టిన ఫ్రిజ్. ఇవి సరిచేయడానికి లక్షలు అక్కర్లేదు. ఎవరో ఒకరు వచ్చి చూపించాలి, అంతే. షాపు నడిపేవాయనకు గిరాకీ చూసుకోవడానికే టైమ్ సరిపోదు, మీటరు ఎప్పుడు చూస్తాడు? ఆ చూసే పనిని యజమానే నెత్తిన వేసుకున్నాడు. చిక్కుముడిలో మొదటి పోగు అలా వదులైంది.

కిచెన్ మొదలయ్యే ముందే

రెండో అడుగు హోటళ్ల కోసం. 2017లో గ్రీన్ కిచెన్ అనే కార్యక్రమం పెట్టారు. మాల్స్‌లో చదరపు అడుగుకు ఎక్కువ కరెంటు, నీళ్లు, గ్యాసు లాగేవి హోటళ్లే. చెత్త కూడా అక్కడే ఎక్కువ. ఆ సంగతి ఒక్క పూట కిచెన్ నడిపినవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ కార్యక్రమంలో తెలివైన సంగతి టైమింగ్. హోటల్ తెరిచాక కాదు, కిచెన్ డిజైన్ కాగితం మీద ఉన్నప్పుడే కంపెనీ సాంకేతిక బృందం కూర్చుని మాట్లాడుతుంది. పొగ ఎంత ఉంటే అంతే స్పీడులో తిరిగే ఫ్యాను పెట్టొచ్చా? పొగలోని జిడ్డును వడగట్టే పరికరం ఏది మంచిది? గిన్నెలు కడిగే దగ్గర నీళ్లు తక్కువ పట్టే పైపు ఏది? ఆహార చెత్తను వేరు చేయడానికి చోటు ఎక్కడ? ఒకసారి గోడలు లేచి పైపులు బిగించాక వీటిలో ఏది మార్చాలన్నా పగలగొట్టాల్సిందే. ముందే అనుకుంటే అదనపు ఖర్చు తక్కువ, మిగులు మాత్రం హోటల్ నడిచినన్నాళ్లూ ఉంటుంది.

ఆఫీసుల్లోనూ ఇదే కథ. కొత్త కంపెనీ దిగగానే పాత సీలింగ్, పాత తివాచీ, పాత గాజు గోడలు అన్నీ పీకేసి కొత్తవి వేస్తారు. ఖాళీ చేసేటప్పుడు మళ్లీ అన్నీ తీసేసి ఉత్త గోడలతో అప్పగించాలని అగ్రిమెంటులో ఉంటుంది. కొన్నేళ్లకు ఒకసారి ఇలా లారీల కొద్దీ మంచి సామాను చెత్తకుండీకి పోతుంది. ఏది ఉంచొచ్చు, ఏ సామాను వాడితే మేలు అని కిరాయిదారుకు ముందే చెప్పే మార్గదర్శకాలు ఇందుకే.

మాట ఇద్దరిదీ

మూడో అడుగు ఒప్పందం. గ్రీన్ పెర్ఫార్మెన్స్ ప్లెడ్జ్ పేరుతో ఆఫీసు కిరాయిదారులు, యజమాని కలిసి ఒక మాట ఇచ్చుకుంటారు. కరెంటు, నీళ్లు, చెత్త ఈ మూడింటిలో ఎంత తగ్గించాలో ఆ కిరాయిదారుకు తగ్గట్టు ప్రణాళిక రాసుకుంటారు. కంపెనీ వైపు నుంచి ఆడిట్లు, వాడకం లెక్కలు, సాంకేతిక సలహా అందుతాయి. కిరాయిదారు వైపు నుంచి ఆచరణ, ఏటా లెక్క చూసుకోవడం.

మామూలు కిరాయి అగ్రిమెంటుకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. మామూలు కాగితంలో షరతులన్నీ ఒక వైపే ఉంటాయి. కిరాయిదారు ఇది చేయాలి, అది చేయకూడదు. ఇక్కడ మాత్రం యజమాని కూడా కొంత ఇస్తానని రాస్తాడు. ఇద్దరి దగ్గరా ఒకే లెక్క ఉంటుంది కాబట్టి "నువ్వు వాడావు, నేను వాడలేదు" అనే గొడవకు చోటు తగ్గుతుంది.

వంట నూనెతో వెలిగిన టవర్

ఇక్కడ ఒక ముచ్చట చెప్పుకోవాలి. 2018లో తెరిచిన వన్ తైకూ ప్లేస్ అనే ఆఫీసు టవర్‌లో ఒక ప్రత్యేక యంత్రం పెట్టారు. వాడేసిన వంట నూనెతో తయారైన బయోడీజిల్ దానికి ఇంధనం. దాని నుంచి కరెంటు వస్తుంది. ఆ వేడిని కూడా వృథా పోనివ్వకుండా బిల్డింగ్‌ను చల్లబరచడానికి, వేడి అవసరమైన చోట వేడికి వాడతారు. అంటే కింద హోటళ్లలో చికెన్ వేయించిన నూనె లాంటిదే పైన ఆఫీసుకు చల్లగాలి అవుతుంది.

దీనితో టవర్ మొత్తం నడుస్తుందనుకోవద్దు. అవసరంలో ఒక భాగమే. అసలు విషయం వేరే ఉంది. వాడిన నూనె డ్రైనేజీలో పోస్తే గడ్డకట్టి పైపులు మూసుకుపోతాయి. చీకటి వ్యాపారుల చేతిలో పడితే మళ్లీ ఎవరి ప్లేట్లోకో వస్తుంది. అదే నూనెకు ఒక ఖరీదు, ఒక దారి దొరికితే హోటలాయన దాన్ని పారబోయడు. నియమం పెట్టి జరిమానా వేయడం ఒక పద్ధతి. మంచి దారి చూపించి ఆ దారిన పోతే లాభం ఉందని చూపడం ఇంకో పద్ధతి.

సప్లయర్లతో లెక్క వేరే

కిరాయిదారు కంపెనీకి డబ్బు ఇచ్చేవాడు. అతనితో బతిమాలి, ఒప్పించి పని చేయించాలి. సప్లయర్ కంపెనీ నుంచి డబ్బు తీసుకునేవాడు. కాబట్టి అక్కడ మాట కాస్త గట్టిగానే ఉంటుంది.

మొదటిది ప్రవర్తనా నియమావళి. సరుకు ఇచ్చే కంపెనీ అయినా, క్లీనింగ్, సెక్యూరిటీ సిబ్బందిని పంపే ఏజెన్సీ అయినా, టవర్ కట్టే కాంట్రాక్టర్ అయినా దానికి ఒప్పుకోవాలి. స్థానిక చట్టం పాటించాలి. బాల కార్మికులు ఉండకూడదు. బలవంతపు చాకిరీ ఉండకూడదు. జీతం, పని గంటలు చట్టప్రకారం ఉండాలి. పనిచోట భద్రత ఉండాలి. పర్యావరణం దెబ్బతినకూడదు. తన కింద పనిచేసే సబ్ కాంట్రాక్టర్ల సంగతి కూడా చూసుకోవాలి.

రెండోది సరుకు మీద షరతు. ప్రపంచ కర్బన కాలుష్యంలో సుమారు 7 నుంచి 8 శాతం ఒక్క సిమెంటు తయారీ నుంచే వస్తుంది. సున్నపురాయిని బట్టీలో కాల్చినప్పుడు ఇంధనం నుంచే కాదు, రాయి నుంచి కూడా ఆ వాయువు బయటకు వస్తుంది. అందుకే కాంక్రీటులో కొంత సిమెంటు బదులు ఉక్కు ఫ్యాక్టరీల నుంచి వచ్చే స్లాగ్‌నో, థర్మల్ ప్లాంట్ల నుంచి వచ్చే ఫ్లై యాష్‌నో కలుపుతారు. ఫ్లై యాష్ ఇటుకలు మన దగ్గర ఇల్లు కట్టుకునేవాళ్లకూ తెలిసినవే. తుక్కు కరిగించి చేసిన స్టీలు కూడా అలాంటిదే. కొత్త నిర్మాణాల్లో కాంక్రీటు, ఇనుప చువ్వలు, స్టీలు దూలాలు తక్కువ కాలుష్యం ఉన్నవే కావాలని టెండరులోనే రాస్తే, ఆ సరుకు చేసేవాడికి గిరాకీ గ్యారంటీ. ఒక్క పెద్ద కొనుగోలుదారు అడగడం మొదలుపెడితే ఫ్యాక్టరీలో మార్పు మొదలవుతుంది. పదిమంది చిన్నవాళ్లు అడిగినా ఆ బలం రాదు.

మూడోది మనుషుల సంగతి. కాగితం మీద అన్నిటికన్నా చిన్న వాక్యం ఇదే, బతుకుల్లో అన్నిటికన్నా పెద్దదీ ఇదే.

పాస్‌పోర్టు, అప్పు, గొలుసులో చివరి మనిషి

బలవంతపు చాకిరీ అంటే సంకెళ్లు గుర్తొస్తాయి. కానీ అంతర్జాతీయ కార్మిక సంస్థ చెప్పే గుర్తుల్లో అప్పు కింద కట్టుబడి పనిచేయించడం, గుర్తింపు కాగితాలు లాక్కుని పెట్టుకోవడం, జీతం ఆపడం కూడా ఉన్నాయి. ఇవి జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ వైపు కుటుంబాలకు కొత్త మాటలు కావు. వీసా కోసం వడ్డీకి తెచ్చి ఏజెంటుకు కట్టి, గల్ఫ్ వెళ్లి, మొదటి ఏడాది రెండేళ్లు ఆ అప్పు తీర్చడానికే పనిచేసినవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు.

ఆ మనిషి కట్టిన టవర్ మీద పెద్ద ప్రాపర్టీ కంపెనీ పేరు ఉంటుంది. అతని ఐడీ కార్డు మీద మాత్రం ఎవరో సబ్ కాంట్రాక్టరు పేరు ఉంటుంది. కంపెనీకీ అతనికీ మధ్య మూడు నాలుగు మెట్లు. సప్లయర్ల బాధ్యత అనే మాటకు అర్థం ఆ మెట్లన్నీ దిగి చివరి మనిషి దాకా వెళ్లాలన్నదే. ఉద్యోగం ఇప్పించినందుకు ఫీజు పనిమనిషి కాదు, పని ఇచ్చేవాడే కట్టాలన్నది 2016లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఖరారు చేసిన న్యాయమైన నియామక సూత్రాల్లో ఒకటి.

ఇది ఉత్త ఆదర్శం కాదని చూపిన అనుభవం ఒకటి ఉంది. 2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ కోసం ఖతర్‌లో స్టేడియాలు కట్టించిన సుప్రీం కమిటీ, కార్మికులు ఏజెంట్లకు కట్టిన ఫీజును కాంట్రాక్టర్ల చేతే తిరిగి ఇప్పించే ఏర్పాటు చేసింది. రసీదు తెస్తేనే ఇస్తామంటే ఎవరికీ దక్కదు, ఎందుకంటే ఏజెంటు రసీదే ఇవ్వడు. అందుకే రసీదు లేకున్నా నెలనెలా జీతంతో పాటు కొంత చొప్పున ఇప్పించారు. ఖతర్‌లో కార్మికులందరి కష్టం దీంతో తీరలేదు. ఆ ప్రాజెక్టుల బయట ఉన్నవాళ్లలో చాలామందికి ఇది అందలేదు. కానీ పని ఇచ్చే పెద్ద సంస్థ గట్టిగా అడిగితే కాంట్రాక్టరు ఇవ్వగలడని మాత్రం తేలిపోయింది.

కంపెనీకి ఏం లాభం?

ఇదంతా ధర్మం కోసం చేస్తున్నారా అంటే, కాదు. వ్యాపారం కోసమే. అలా ఒప్పుకుంటేనే విషయం అర్థమవుతుంది.

పెద్ద పెద్ద బ్యాంకులు, అంతర్జాతీయ కంపెనీలు తమ సొంత కాలుష్య లెక్కలు తగ్గించుకోవాలి. వాళ్ల ఆఫీసు కరెంటు వాళ్ల లెక్కలోకే వస్తుంది. కాబట్టి కిరాయికి చూసేటప్పుడే అలాంటి బిల్డింగ్ అడుగుతారు. పెట్టుబడి పెట్టేవాళ్లూ అడుగుతున్నారు. స్వైర్ ప్రాపర్టీస్ 2018లో 50 కోట్ల అమెరికా డాలర్ల గ్రీన్ బాండు జారీ చేసింది. లక్ష్యాలు చేరితే రుణం ఖర్చు తగ్గే ఒప్పందాలు కూడా ఈ రంగంలో వచ్చాయి. అంటే కిరాయిదారుకు ఫ్రీగా చేయించిన ఆడిట్ ఖర్చు వేరే రూపంలో తిరిగి వస్తుంది.

లోపాలు కూడా చూడాలి

చదరపు మీటరుకు తగ్గింపు అన్నది జాగ్రత్తగా చదవాల్సిన మాట. మీటరుకు తగ్గినా, కంపెనీ కొత్తగా ఎన్నో టవర్లు కడితే మొత్తం కాలుష్యం పెరగొచ్చు. ఒప్పందం స్వచ్ఛందం. పెద్ద ఆఫీసులకు దానికోసం ప్రత్యేక సిబ్బంది ఉంటారు, ముందు వాళ్లే చేరతారు. చిన్న షాపు నడిపేవాయనకు ఫారం నింపే తీరిక కూడా ఉండదు. సాయం అందరికన్నా ఎక్కువ కావాల్సింది మాత్రం ఆయనకే.

సప్లయర్ల వైపూ అంతే. నేరుగా బిల్లు ఇచ్చే మొదటి మెట్టు కంపెనీని అడగడం తేలిక. దాని కింద రెండో, మూడో మెట్టులో ఏం జరుగుతోందో కాగితాల్లో కనిపించదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. నియమాల ఖర్చంతా చిన్న సప్లయర్ మీద వేసి, రేటు మాత్రం పాతదే ఇస్తే, అతను తన కింది మనిషి జీతం కోస్తాడు. నియమం పెట్టేవాడు రేటులో కొంత భరించాలి, నేర్పాలి, బిల్లు టైముకు చెల్లించాలి. లేకపోతే నియమావళి గోడకు వేలాడే ఫ్రేమ్ అవుతుంది.

మనకు దీంతో పనేంటి?

గ్రీన్ బిల్డింగ్ మాట హైదరాబాద్‌కు కొత్త కాదు. కొండాపూర్‌లోని సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. అమెరికా బయట లీడ్ ప్లాటినం రేటింగ్ పొందిన తొలి బిల్డింగ్ అది. మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఇప్పుడు ఇలాంటి బోర్డులు ఎన్నో. కానీ బోర్డు బిల్డింగ్‌కు వస్తుంది, వాడకం కిరాయిదారుది. హాంకాంగ్ అనుభవం నేర్పేది అదే.

కిరాయిదారులు అగ్రిమెంటు రాసుకునేటప్పుడు కిరాయి, అడ్వాన్సు, ఏటా పెంపు దగ్గరే ఆగకండి. ఏసీ, వైరింగ్ పాతవైతే మార్చే ఖర్చు ఎవరిది? మనం పెట్టించాక గడువు లోపల ఖాళీ చేయమంటే ఆ డబ్బులో ఎంత తిరిగి వస్తుంది? సబ్ మీటరు విడిగా ఉందా, యూనిట్ రేటు ఎంత? ఖాళీ చేసేటప్పుడు ఏమేం తీసేయాలి, ఏవి ఉంచొచ్చు? ఈ నాలుగు మాటలు కాగితం మీద ఉంటే మొదట్లో చెప్పుకున్న హోటలాయన చిక్కు సగం తీరినట్టే.

హోటల్, బేకరీ, మిర్చీ బండి నడిపేవాళ్లు వాడిన నూనె సంగతి చూసుకోండి. మన దేశంలో ఆహార భద్రతా సంస్థ 2018లో నియమం తెచ్చింది. మళ్లీ మళ్లీ కాచడం వల్ల నూనెలో పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదు. రోజుకు 50 లీటర్లకు పైగా వేపుడు నూనె వాడేవాళ్లు రికార్డు పెట్టాలి. వాడిన నూనెను బయోడీజిల్ కోసం గుర్తింపు ఉన్న సేకరణ సంస్థలకు ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. రంజాన్ నెలలో రాత్రంతా కళాయి దిగని చోట్ల ఇది ఇంకా ముఖ్యం.

చిన్న సప్లయర్లకు రెండు సంగతులు. సెబీ నిబంధనల వల్ల పెద్ద లిస్టెడ్ కంపెనీలు పర్యావరణం, కార్మికుల వివరాలు ప్రకటిస్తున్నాయి. అగ్రశ్రేణి 250 కంపెనీలు తమ సప్లయర్ల వివరాలు కూడా స్వచ్ఛందంగా ఇవ్వొచ్చు. కాబట్టి "మీ కరెంటు వాడకం ఎంత, పనివాళ్లకు పీఎఫ్ కడుతున్నారా" అని మీకు ఫారం రావడం ఇక మామూలు అవుతుంది. బిల్లులు, హాజరు రిజిస్టరు, జీతాల రికార్డు ఇప్పటి నుంచే సరిగా పెట్టుకున్నవాళ్లకు ఆర్డరు దక్కుతుంది. రెండోది మీ హక్కు. ఉద్యమ్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న తయారీ, సేవా యూనిట్లకు కొనుగోలుదారు 45 రోజుల లోపు డబ్బు చెల్లించాలని చట్టం చెబుతోంది. ఆలస్యమైతే ఫిర్యాదు చేయొచ్చు. నియమాలు మీకు చెప్పే కంపెనీని మీరు కూడా ఈ నియమం అడగండి.

గల్ఫ్ వెళ్లేవాళ్ల ఇంట్లోవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇది. మన దేశంలో లైసెన్స్ ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోగల సర్వీసు ఛార్జీ 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. ఏజెంటు లైసెన్సు ఈ-మైగ్రేట్ సైటులో చూడొచ్చు. రసీదు తప్పకుండా అడగండి. యూఏఈలో యజమాని కార్మికుడి పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకోవడం చట్టవిరుద్ధం. ఇంకో పని కూడా చేయండి. ఏ కంపెనీ వీసా అన్నదే కాదు, ఏ ప్రాజెక్టు, ఆ ప్రాజెక్టు ఎవరిది అని కూడా అడిగి రాసిపెట్టుకోండి. పెద్ద కంపెనీలు చాలావాటికి సప్లయర్ నియమావళి, ఫిర్యాదు చేసుకునే దారి ఉంటాయి. జీతం ఆగినప్పుడు సబ్ కాంట్రాక్టరు ఫోన్ ఎత్తకపోయినా, పైన ఉన్న పేరు తెలిస్తే తట్టడానికి ఇంకో తలుపు ఉంటుంది.

బిల్డింగ్ ఒకరిది, బిల్లు ఇంకొకరిది, చెమట మూడో మనిషిది. ఈ ముగ్గురి లెక్కా ఒకే కాగితం మీదికి తేవడం హాంకాంగ్‌లోనూ ఇంకా పూర్తి కాలేదు. కానీ అక్కడ మొదలైంది ముందు యజమాని ఒక అడుగు వేయడంతోనే. మన దగ్గర కూడా ఎవరో ఒకరు అడగాలి. వచ్చే నెల అగ్రిమెంటు రెన్యువల్ ఉంటే, ఆ పాత ఏసీ మాట అక్కడే ఎత్తండి.